ఆరని పడుగు

మొన్న మా కోడలు నా నేత చీరకు గంజి పెట్టి మిద్దె మీద ఆరేసింది. మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన దిగింది. పరుగెత్తి తీసుకొచ్చింది గానీ, ఏదో పనిలో పడి తడి చీరను అట్లాగే ఉండచుట్టి బకెట్లో వేసి మరిచిపోయింది. తెల్లారి నేను స్నానాల గది తలుపు తీసేసరికి పులిసిన గంజి వాసన మొహాన కొట్టింది.

"అత్తమ్మా, అది మళ్ళ ఉతకాలె, మీరు ముట్టుకోకుండ్రి" అని కోడలు వంటింట్లోంచి అరుస్తూనే ఉంది. నేను వినిపించుకోలేదు. బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఈ వయసులో నా కళ్ళు సగం పనిచేస్తాయి, మోకాళ్ళు అసలే పనిచేయవు. ముక్కుకు మాత్రం ఏ రోగమూ రాలేదు. వచ్చినా బాగుండేది. ఆ వాసన నన్ను ఈడ్చుకుపోయి ఒక సముద్రపు ఊళ్ళో, నేతగాళ్ళ వీధిలో, మేం అద్దెకున్న తాటాకుల ఇంటి ముందు నిలబెట్టింది.

ఆ ఊరి పేరు చెప్పను. మా ఇంట్లో ఆ పేరు పలకడం మానేసి ఒక జీవితకాలం అయింది. ఇప్పుడు నేను మొదలుపెట్టడం దేనికి?

మాది కరీంనగరం జిల్లాలో సాలెవాళ్ళ ఊరు. ఇంటింటికీ గుంట మగ్గం ఉండేది. నేల తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్ళం. బాపు తువ్వాలలు, ముతక చీరలు నేసేవాడు. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నాకు ఊహ తెలుస్తున్న రోజుల్లోనే మా ఊరికి కరెంటు మగ్గాలు వచ్చాయి. చేతి మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. మా మగ్గం కూడా చాలాసార్లు నూలు లేక ఊరికే ఉండేది, దాని గుంటలో పిల్లి పిల్లల్ని పెట్టింది. పిల్లిని వెళ్ళగొట్టమని అవ్వ అంటే, "ఎవలికో ఒకలికి అక్కరకొస్తున్నది గద, ఉండనియ్" అన్నాడు బాపు.

మా అన్న ఆ ఏడు మెట్రిక్ పరీక్షకు కూర్చోబోతున్నాడు. మా వీధిలో అంతదూరం పోయినవాడు అతనొక్కడే. చిన్న తరగతులు ఉర్దూలో చదివి, రాజ్యం మారాక తెలుగులో చదివి, ఎందులో అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. బాపుకు అన్నను చూస్తే గర్వమూ, భయమూ రెండూ ఉండేవి. ఇక చాలు మగ్గమెక్కమని చెప్పలేడు. ఎక్కడానికి మగ్గంలో ఏముంది గనక?

శివరాత్రికి వేములవాడ జాతరలో బాపు తువ్వాలలు పరుచుకుని కూర్చున్నాడు. రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి సముద్రం దిక్కు నుంచి వచ్చిన ఒక షావుకారు ఆగి, తువ్వాల అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఎవరు నేశారని అడిగాడట. ఆయనదీ మా కులమే. కానీ ఆయన కింద చాలా మగ్గాలు ఆడతాయి. మాటల్లో అన్న సంగతి వచ్చింది. "మా ఊళ్ళో కాలేజీ ఉంది. కుర్రాణ్ణి తీసుకుని వచ్చెయ్యి. నీకు మగ్గం చూపిస్తాను, వాడు చదువుకుంటాడు" అన్నాడు. జాతర గోలలో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అన్న మాట. బాపు దాన్ని గుడి ప్రసాదంతో పాటు భద్రంగా ఇంటికి తెచ్చాడు.

అవ్వ ససేమిరా అంది. "గాడ మనకెవలున్నరు? సచ్చినా బతికినా సూసెటోళ్ళుండద్దా?"

"పోరడు సదువుకుంటడు గదనే."

"గా సదువు గీడ కరీంనగరంల లేదా?"

"గీడ సదువున్నది, మగ్గం లేదు. గాడ రెండూ ఒక్క తాన దొరుకుతయంటున్నడు గా సేటు. జర సోంచాయించు."

అవ్వ సోంచాయించలేదు గానీ, అన్న పాసయ్యాడని తెలిసిన రోజు జొన్నలు దంచడం మొదలుపెట్టింది. అదే ఆమె ఒప్పుకోవడం. ఒక సంచి జొన్నపిండి, రొట్టెల పెంక, బాపు చేతికి అలవాటైన, అడ్డదారం తోసే నాడె, దారాలు దువ్వే కుంచె, బట్టల మూట, నేను. ఇంతే మా సామాను. బస్సులు మారి, రైళ్ళు మారి, ఒక ఉదయం ఇసుక నేల మీద దిగాం. దిగగానే నేను అడిగిన మొదటి మాట, "గా చప్పుడేంది?" అని. "సముద్రం" అన్నాడు అన్న. ఎప్పుడు ఆగుతుందని అడిగాను. అతనికీ తెలియదు పాపం.

చిన్న ఊరే. ఒక కొసన సరుగుడు తోట, దాని అవతల సముద్రం. ఇంకో కొసన తెల్లటి కాలేజీ. మధ్యలో బజారు, చేపల సంత, మా నేతగాళ్ళ వీధి. కాలేజీ గంట మోగితే వీధిలో అందరికీ టైము తెలిసేది. పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. అందరూ మామ్మ అనేవాళ్ళు, మేమూ అట్లాగే పిలిచాం. ఒంటరిది. షావుకారుకే కండెలు చుట్టి బతికేది. నన్ను "నైజాం పిల్లా" అని పిలిచి, వేడి అన్నంలో చేపల పులుసు పోసి పెట్టేది. ఆ పులుసులో మామిడికాయ వేసేది. ఎన్నో ఊళ్ళలో తిన్నాను, ఆ రుచి మళ్ళీ దొరకలేదు.

అవ్వకు మాత్రం ఆ ఊళ్ళో ఏదీ కుదురుకోలేదు. ఉప్పు కుండలో ఉప్పు నీళ్ళయ్యేది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడేది తప్ప అంటుకునేది కాదు. ఉతికిన బట్టలు ఆరినట్టే ఉండి ఒంటికి చల్లగా తగిలేవి. ప్రాణంలా తెచ్చుకున్న జొన్నపిండికి బూజు పట్టింది. అవ్వ ఆ సంచి విప్పి, వాసన చూసి, నోరు తెరిచి ఏడ్చింది. మామ్మ పరుగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగింది. పిండి పోయిందంటే ఆమెకేమీ అర్థం కాలేదు. "అన్నం తిను తల్లీ, పిండి కోసం ఏడుస్తారా?" అంది. అవ్వ మూడు పూటలా అన్నం తిని, మూడు పూటలా కడుపు నిండలేదనేది.

నాకవేమీ పట్టేవి కావు. నేను గాలికి ఉప్పు పట్టాయో లేదో చూద్దామని కిటికీ ఊచలు నాకేదాన్ని. ఒకనాడు ఒడ్డున చిన్న ఎండ్రకాయను పట్టి కండెల బుట్టలో దాచి తెచ్చాను. అది ఎట్లా పాకిందో మగ్గం గుంటలోకి దిగి బాపు కాలివేలు పట్టుకుంది. బాపు నాడె వదిలేసి గుంటలోంచి ఎగిరి బయట పడ్డాడు. ముందు పామనుకున్నాడు. తర్వాత సంగతి చూసి నవ్వడం మొదలుపెట్టి, కళ్ళ నీళ్ళు తుడుచుకునే దాకా నవ్వాడు. ఆ ఊళ్ళో బాపు అట్లా నవ్వింది ఆ ఒక్కసారే. అందుకే ఆ ఎండ్రకాయ మీద నాకిప్పటికీ ప్రేమ.

ఆ ఊరు నిజంగా ఒంటబట్టింది అన్నకే. బాపు గంజిలోనే తన తెల్లచొక్కా ముంచి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకుని కాలేజీకి పోయేవాడు. పాఠాలు ఇంగ్లీషులో. మొదటి నెల ఏమీ అర్థం కాక రాత్రుళ్ళు ఊరికే పుస్తకం ముందు కూర్చున్నాడు. తర్వాత ఏదో తలుపు తీసినట్టయింది. నడకే మారిపోయింది. "వచ్చాను, వెళ్ళాను" అని మాట్లాడితే అవ్వ "గదేం మాటరా, ఎవల కొడుకువురా నువ్వు?" అని మూతి తిప్పేది. సాయంత్రం అన్న రాగానే బాపు మగ్గం ఆపి అతని చేతులు పట్టుకుని వాసన చూసేవాడు. ప్రయోగాల గదిలో కలిపిన మందుల వాసన వచ్చేది.

"ఇయ్యాల ఏం వాసన్రా?"

"గంధకం బాపూ."

"మంచిగ లేదు" అనేవాడు బాపు. అని మళ్ళీ వాసన చూసేవాడు.

బాపు పని అంత సులువుగా సాగలేదు. బాపు ముతక నేత మనిషి. షావుకారు నేయించేవి సన్న చీరలు. మొదట్లో ఎవరో సిద్ధం చేసిన పడుగును నేసే పనే ఇచ్చాడు. పడుగంటే మగ్గానికి నిలువుగా పోసే దారాలు. దాన్ని వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టడమే నేతగాడి అసలు పనితనం. అది కుదిరితే బట్ట దానంతటదే వస్తుంది. దసరా ముందు షావుకారు బాపును పిలిచి సన్న నూలు పడుగు చేతిలో పెట్టాడు.

"నీ పడుగు నువ్వే సాగదీసుకో. దీపావళికి చీరలు నాకు అందాలి. ఇది మగ్గం మీంచి చక్కగా దిగితే ఆ మగ్గం నీదే అనుకో. మీవాడి చదువయ్యే దాకా ఇక్కడే ఉండిపోవచ్చు."

"ఫికర్ చెయ్యకు సేటూ" అన్నాడు బాపు. ఇంటికొచ్చి ఆ నూలును దేవుని ముందు పెట్టాడు. అది దిగితే అన్న చదువు నిలుస్తుంది, దిగకపోతే లేదు. నాకు కూడా ఆ సంగతి తెలుసు. ఇంట్లో ఎవరూ ఆ నూలు దగ్గర గట్టిగా తుమ్మను కూడా తుమ్మలేదు.

ఆ మధ్యలోనే బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ ఊళ్ళో ఆ పండుగ లేదు. తంగేడు పువ్వు లేదు, గునుగు లేదు. నేనూ అవ్వా తిరిగి తిరిగి బంతిపూలు, గుమ్మడి పూలు, పేరు తెలియని ఇసుక పూలు ఏరుకొచ్చి బతుకమ్మను పేర్చాం. అవ్వ ఒక్కతే పాడింది, నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. చేపలవాళ్ళ ఆడవాళ్ళు చుట్టూ చేరి ముక్కున వేలేసుకుని చూశారు. నీళ్ళలో విడవడానికి చెరువెక్కడుంది? సముద్రానికి తీసుకుపోయాం. అవ్వ మోకాళ్ళ లోతుకు దిగి, మెల్లగా నీటి మీద పెట్టి, దండం పెట్టింది. అల లోపలికి తీసుకుపోయింది. తర్వాతి అల తెచ్చి అవ్వ కాళ్ళ దగ్గరే పడేసింది. మళ్ళీ విడిచింది. మళ్ళీ తెచ్చింది. మూడోసారికి పూలన్నీ విడిపోయి తాంబాళం ఒక్కటే ఇసుకలో మిగిలింది.

"అలలు అంతే అవ్వా, ఏదైనా ఒడ్డుకే తోస్తాయి" అన్నాడు అన్న.

"మన చెరువు ఎన్నడన్న తిరిగిచ్చిందా?" అంది అవ్వ. ఖాళీ తాంబాళం చంకన పెట్టుకుని తల దించుకుని నడిచింది. నేను మాత్రం ఒడ్డున దొరికిన పూలు తలలో పెట్టుకుని గెంతుతూ వచ్చాను. నాకెందుకు దిగులు? పూలు వాపసు వచ్చాయి కదా.

దసరా వెళ్ళిన కొద్ది రోజులకు బాపు పడుగు సాగదీసే రోజు వచ్చింది. ఆ వీధిలో దానికి వంతులుండేవి. ఎండ మొదలవకముందే మొదటి వంతు వాళ్ళు గుంజలు పాతి సాగదీసేవాళ్ళు. కొత్తవాళ్ళం కాబట్టి మాకు దొరికేది చివరి వంతే. ఆ తెల్లవారుజామున బాపు తలుపు తీసి చూస్తే వీధంతా ఖాళీ. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క పడుగు లేదు. "పండుగ మత్తు ఇంక దిగలే వీళ్ళకు" అని బాపు సంబరపడ్డాడు. గుంజలు పాతాడు. అవ్వ గంజి కాచింది. అన్న కాలేజీకి పోయేలోపు సాయం చేద్దామని చొక్కా విప్పి వచ్చాడు. తెల్లటి సన్న పడుగు వీధి పొడవునా సాగింది. గాలి బాగా వీస్తోంది. తడి దారాలు గాలికి సన్నగా వణుకుతున్నాయి.

మామ్మ అరుగు మీదికి వచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అబ్బాయీ, ఏం పని చేస్తున్నావు? గాలి తూర్పుకి తిరిగింది, చూసుకోలేదా? తీసెయ్యి, తీసెయ్యి."

బాపు కుంచె ఆపకుండానే నవ్వాడు. "తూర్పు గాలికి వానెక్కడిది మామ్మా? మా దిక్కు దసరా ఎల్లినంక గీ గాలి తోలిందంటే సలికాలం వొచ్చినట్టే. పడుగు ఆరవెట్టే గాలంటే గిదే."

"మీ దిక్కు సంగతి నాకేం తెలుసు నాయనా! సముద్రం మోత వినపడట్లా? నిన్నటి నించీ వేరేగా మోగుతోంది."

"గది రోజూ మోగుడే గద."

నిజమే. మాకు అది రోజూ మోగేదే. ఎక్కువేదో తక్కువేదో, మంచి మోత ఏదో చెడ్డ మోత ఏదో మాకేం తెలుసు? మా దిక్కు వాన పడమట నుంచి వస్తుంది. పడమట మొగులు లేదు. బాపు పుట్టినప్పటి నుంచి నమ్మిన ఆకాశం అది.

అన్న కుంచె చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "మామ్మ చెప్తున్నది గద బాపూ. ఒక్క దినం ఆగుదమా?"

"గంజి పెట్టినంక ఆగుడేందిరా? దీపావళి నెత్తి మీదున్నది. నీ పుస్తకాల సంగతి నువ్వు సూస్కో, నూలు సంగతి నాకిడిసిపెట్టు." బాపు కోపంగా అనలేదు. చాలా రోజుల తర్వాత తన పని తన చేతికొచ్చిన మనిషి ధీమాగా అన్నాడంతే. అన్న తల వంచుకుని దువ్వడం మొదలుపెట్టాడు.

పడుగు సగం కూడా ఆరలేదు. సరుగుడు తోట అవతల నుంచి ఆకాశం నల్లగా లేచింది. మొదటి చినుకులు ఏటవాలుగా వచ్చి మొహానికి రాళ్ళలా తగిలాయి. బాపు ఒక్క క్షణం నమ్మలేక తూర్పుకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత "చుట్టుర్రి, చుట్టుర్రి" అని అరిచాడు. అవ్వ బొంతలు తెచ్చి కప్పింది. గాలి వాటిని ఎత్తి అవతల పారేసింది. అన్న పడుగు మీద అడ్డంగా వంగి వీపుతో వాన ఆపాలని చూశాడు. ఆ వాన ఎవరి వీపుకూ ఆగేది కాదు. గంజి కారి ఇసుకలోకి తెల్లగా పాలలా పోయింది.

ఎట్లాగో చుట్టి లోపలికి తెచ్చేసరికి ఇంటి కప్పు మీద తాటాకులు లేచిపోతున్నాయి. తుఫాను అన్న మాట అప్పుడు విన్నాను. ముందు రోజే పడవలన్నీ తోట దాకా లాగి కట్టేశారట. వీధి మొత్తం కాలేజీకి పరుగెత్తింది. రాతి కట్టడం అదొక్కటే. మామ్మ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. వెనక అవ్వ, పెంక నెత్తిన పెట్టుకుని. దాని వెనక బాపు, తడి పడుగును చంటిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని.

అన్న చదివే కాలేజీలో బాపు కాలు పెట్టింది ఆ రోజే. అందరూ వరండాల్లో సర్దుకున్నారు. అన్న మమ్మల్ని ఒక తరగతి గదిలోకి తీసుకుపోయాడు. బయట గాలి గీపెడుతోంది. బాపు తలుపు దగ్గరే ఆగి, తడి కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చాడు. నల్లబల్ల చూశాడు. బెంచీలు చూశాడు.

"నీ తావు ఏదిరా?"

అన్న చూపించాడు. బాపు పోయి అక్కడ కూర్చుని, బల్ల మీద అరచేత్తో రాసి చూశాడు, బట్ట మీద రాసినట్టు. తర్వాత లేచి, "గీడ ఆరేద్దమా?" అని అడిగాడు. ఇద్దరూ కలిసి పడుగును బెంచీల మీదుగా గది పొడవునా పరిచారు. అన్న కూర్చునే బెంచీ మీదుగా కూడా పోయింది అది. తుఫాను కొట్టినంత సేపూ బాపు అతుక్కున్న దారాలను బొటనవేళ్ళతో ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చున్నాడు. అవ్వా, అన్నా, నేనూ అదే పని చేశాం. ఒకచోట విడదీస్తే ఇంకోచోట తెగేది. ముడి వేస్తే పక్కవి అతుక్కునేవి. మర్నాటికి గంజి పులిసింది. గదంతా ఆ వాసన.

మూడో నాడు ఎండ కాసింది. ఏమీ జరగనట్టు, కళ్ళు చెదిరే ఎండ. కాలేజీ గంట మోగింది. పిల్లలు వచ్చి తలుపు దగ్గర ఆగారు. ముక్కు మూసుకున్నారు. అందరూ అన్నతో చదివేవాళ్ళే. ఎవరూ ఎగతాళి చేయలేదు, అది కూడా చెప్పాలి. ఒకడు సాయం పట్టనా అని అడిగాడు కూడా. అన్న తల ఎత్తలేదు. బాపూ, అన్నా పడుగు చుట్టడం అయ్యే దాకా తరగతి మొత్తం బయట నిలబడింది. గది ఖాళీ అయ్యాక వాళ్ళు లోపలికి పోయారు. అన్న మాతో బయటికి వచ్చాడు.

వీధిలో ఆ రోజు ఎన్ని పడుగులు! ఎర్రవి, పచ్చవి, నీలివి, ఈ కొస నుంచి ఆ కొసకు. ఆగినవాళ్ళందరూ సాగదీశారు. వాటి కింద నుంచి వంగి మేం ఇంటికి పోయాం.

షావుకారు వచ్చి పడుగు విప్పించి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని అవ్వ తర్వాత ఎన్నోసార్లు అంది. "పాడైన నూలు ఖరీదు సంగతి మరిచిపో" అన్నాడు. "నీకు పని రాదని కాదయ్యా. ఈ గాలి నీకు తెలీదు. తెలిసే దాకా నేను ఆగలేను. మగ్గం వేరేవాళ్ళకి చెప్పాను."

బాపు తల ఊపాడు. అవ్వే కొంగు పట్టుకుని ముందుకొచ్చింది. "అయ్యా, మీ కాళ్ళు మొక్కుత. ఇంకొక్క పడుగియ్యుర్రి. పోరని మొకం సూసియ్యుర్రి."

"కుర్రాడు ఉండాలంటే ఉండమను తల్లీ. మనవాళ్ళ ఇళ్ళలో రోజుకొక ఇంట తిని చదువుకుంటాడు. మా ఇంట్లో ఒకరోజు" అన్నాడాయన. మంచివాడే. మంచివాళ్ళ వల్ల కూడా మన పని కాదని నాకు అప్పుడే తెలిసింది.

బొంబాయి దగ్గర భీవండిలో కరెంటు మగ్గాల మీద మా ఊరివాళ్ళు ఉన్నారు. బాపు అక్కడికి పోతానన్నాడు. తన మగ్గాన్ని చంపిన మగ్గాల దగ్గరికే. ఒక్కడి కూలితో ఇద్దరు ఆడవాళ్ళు ఊళ్ళో, ఒక పిల్లవాడు కాలేజీలో గడవరని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. సామాను కడుతుంటే అన్న వచ్చి, "నేను గూడ నీతోని వస్త బాపూ" అన్నాడు. ఎన్నాళ్ళకో మా మాట అతని నోట్లోంచి వచ్చింది.

బాపు వద్దనలేదు. వద్దంటాడేమోనని అన్న కాసేపు అక్కడే నిలబడ్డాడు. బాపు మూట ముడి బిగిస్తూనే ఉన్నాడు. తర్వాత అన్న కూడా వంగి ముడి పట్టుకున్నాడు. మామ్మ వీధి చివరి దాకా వచ్చి నా చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టింది. రైల్లో పక్కవాళ్ళు వాసనని గొడవ చేస్తే అవ్వ దాన్ని కిటికీలోంచి పారేసింది. ఆ ఊరి వస్తువు ఒక్కటి కూడా మా ఇంటికి చేరలేదు.

బాపు భీవండిలో చాలా ఏళ్ళు పనిచేశాడు. దగ్గు తెచ్చుకుని ఇంటికొచ్చి, మా పాత మగ్గం గుంట పూడ్చిన చోటే మంచం వేయించుకుని పోయాడు. అన్న అక్కడ ఇంకా చాలా ఏళ్ళున్నాడు. ఆ మగ్గాల మోతకు చెవులు పోయాయి. సెలవుల్లో వస్తే అతని చేతులు మిషన్ నూనె వాసన వేసేవి. బాపు మళ్ళీ ఎన్నడూ వాటిని పట్టుకుని వాసన చూడలేదు. కాలేజీ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. అన్న ఎత్తలేదు కాబట్టి మేమూ ఎత్తలేదు. రాసిపెట్టి ఉన్నది ఇంతేననుకుని అన్న మరిచిపోయాడని, బాపు మీద అతనికి ఏ మూలా కోపం లేదని నేను నమ్ముతూ వచ్చాను. అట్లా నమ్మబట్టే నాకు కాస్త నిద్ర పట్టేది. వదిన పోయాక అన్న నా దగ్గరే ఉంటున్నాడు. పొద్దంతా ముందరి అరుగు మీద కూర్చుంటాడు. ఎవరైనా పలకరిస్తే నవ్వుతాడు.

ఆ పొద్దున నేను బకెట్ పక్కన కూర్చుని ఉంటే గోడ పట్టుకుంటూ అన్న వచ్చాడు. వాసన అరుగు దాకా పోయిందన్నమాట. బకెట్లోకి చూశాడు. నా ఎదురుగా గచ్చు మీద కూర్చుని, చీర కొస లాగి, అతుక్కున్న మడతల్ని బొటనవేళ్ళతో విడదీయడం మొదలుపెట్టాడు. బాపు వేళ్ళు ఎట్లా కదిలేవో అచ్చం అట్లాగే. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరమూ చెప్పుకోకుండానే దాన్ని సాగదీశాం.

అప్పుడు అన్న ఆ ఊరి పేరు పలికాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. చెవులు లేనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, ఇల్లంతా వినపడేలా.

"గాడ మూడో నాడు ఎండ గొట్టింది. యాదికున్నదానే?"

ఉందని తల ఊపాను.

"మామ్మ చెప్పింది. నేను గూడ చెప్పిన. ఒక్క దినం ఆగుమన్న. చెప్పినమా లేదా?" అన్నాడు. ముసలి గొంతు కాదు అది. మూట ముడి దగ్గర నిలబడ్డ పిల్లవాడి గొంతు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బాపు ఆగకపాయె. నన్ను గాడ్నే ఉండుమని గూడ అనకపాయె."

బాపు దీపావళికి భయపడ్డాడన్నా, నీకోసమే తొందరపడ్డాడన్నా, వద్దనడానికి నోరు రాలేదన్నా అని నేను అతని చెవి దగ్గరికి వంగి అరిచాను. మళ్ళీ అరిచాను. అన్నకు వినపడలేదు. చీర మడతలు విడదీస్తూనే ఉన్నాడు.

కోడలు వచ్చి మా ఇద్దరినీ చూసి నిలబడిపోయింది. తర్వాత మెల్లగా అన్న చేతుల్లోంచి చీర తీసుకుని, నీళ్ళలో వేసింది.